ఆపిన చోటు నుంచే

ధర్మవరంలో పట్టుచీర నేసే మనిషి చీకటి పడగానే గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని లేచిపోతాడు. ఎంతవరకు నేశాడో ఎక్కడా రాసిపెట్టడు. నేసిన మేర గుడ్డ ముందున్న దూలానికి చుట్టుకుని ఉంటుంది. నాడె చివరిసారి ఏ పక్కకు పోయిందో ఆ పక్కనే పడి ఉంటుంది. తల మీద జకార్డులో ఏ అట్ట దగ్గర ఆగిందో ఆ అట్టే ఉంటుంది. పొద్దున ఆయన కూర్చున్నా, ఆయన బదులు ఇంటావిడ కూర్చున్నా, తర్వాతి పోగు పడాల్సిన చోటే పడుతుంది. రాత్రి కరెంటు పోయిందా ఉందా అన్నది మగ్గానికి పట్టదు.

కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి ఇంతపాటి సదుపాయం రావడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. వచ్చింది కూడా పూర్తిగా రాలేదు. తెర మీద ఎడమ పక్క ఉత్తరం, కుడి పక్క లెక్కల పట్టిక, కింద మూలన చిన్న విండోలో ఇంకేదో తెరిచి, తనకు అలవాటైన తీరులో సర్దుకుని పనిచేస్తున్న మనిషి యంత్రం ఆపి మళ్లీ వేస్తే ఖాళీ తెర ఎదురవుతుంది. ఫైళ్లు ఎక్కడికీ పోవు. పోయేది సర్దుబాటు. ఏది తెరిచి ఉంది, ఏది దేని మీద ఉంది, ఏది ఎక్కడ ఎంత వెడల్పున ఉంది అన్న సంగతిని కంప్యూటర్ వాళ్లు సెషన్ అన్నారు. దాన్ని దాచి మళ్లీ నిలబెట్టే ప్రయత్నాల చరిత్ర మగ్గాల చరిత్రకు దూరపు చుట్టం. చుట్టరికం చిల్లులు పొడిచిన అట్టల దగ్గర కలిసింది.

ముందు ఊరి సంగతి. గోరంట్లను ఒరుసుకుని పారే చిత్రావతి పుట్టపర్తి మీదుగా ధర్మవరం చేరుతుంది. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది, దాని పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. పురుగు పెంపకం ఒకచోట, దారం తీయడం ఇంకోచోట, నేత మరోచోట జరిగే ఈ సీమలో అందరికీ తెలిసిన మాటలు వార్పు, రేషం, జరీ. ధర్మవరం పట్టుచీరలకూ పావడాలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ చీరల అంచుల్లో, కొంగుల్లో కనిపించే చాలా నమూనాలకు పుట్టిల్లు హిందూపురానికి కూతవేటు దూరంలోని లేపాక్షి అని నేతగాళ్లు చెబుతారు.

అది ఉత్తమాట కాదు. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ పాలన చూసిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో ఆనాటి చీరలు, అంచులు, గళ్లు, చారలు కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. లతా మండపం స్తంభాల మీద ఒక్కో ముఖానికి ఒక్కో అల్లిక చెక్కి ఉంది. చీరకు కొత్త అంచు కావాలంటే కాగితం, పెన్సిలు పట్టుకుని అక్కడికి వెళ్లి చూసి గీసుకురావచ్చు. నాలుగైదు వందల ఏళ్లుగా చెదరని నమూనాల ఖజానా అది.

అదే ప్రాంగణంలో కల్యాణ మండపం సగంలో ఆగిపోయి ఉంది. స్తంభాలు నిలిచాయి, పైకప్పు పడలేదు. ఖజానా సొమ్ము ఖర్చుపెట్టాడని రాజుకు కోపం వస్తే విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడని స్థలపురాణం. గోడ మీద ఎర్రటి మరకలు చూపిస్తారు. కథ నిజానిజాలు ఎలా ఉన్నా, ఒకే గుడిలో రెండు రకాల జ్ఞాపకాలు పక్కపక్కనే ఉన్నాయి. లతా మండపం నమూనాను దాచింది. కల్యాణ మండపం పని ఏ రాయి దగ్గర ఆగిందో దాచింది. నమూనా దాచడం ఒక విద్య, ఆగిన చోటు దాచడం మరో విద్య. ఈ తేడా కంప్యూటర్ వాళ్లకు చాలా ఆలస్యంగా తలకెక్కింది.

నేతలో నమూనాను దాచే పద్ధతి మొదట్లో దారాలతోనే ఉండేది. ఏ పోగులు లేవాలో ముందే దారాలకు ముళ్లు వేసి కట్టి పెడితే, మగ్గం దగ్గర మరో మనిషి, చాలాసార్లు ఒక పిల్లవాడు, వరుసగా ఒక్కో కట్ట లాగేవాడు. బనారస్‌లో ఈ కట్టుడు పని చేసేవాళ్లను నక్షాబంద్‌లు అనేవారు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఈ లాగే మనిషిని తప్పించాలని 18వ శతాబ్దమంతా తంటాలు పడ్డారు. 1725లో బాసిల్ బూషోన్ చిల్లుల కాగితం చుట్ట వాడాడు. మూడేళ్లకు జాన్ ఫాల్కన్ కాగితం బదులు అట్టలను గొలుసుగా కుట్టాడు. 1745లో వోకాన్సోన్ యంత్రాన్ని మగ్గం నెత్తికెక్కించాడు. వీటన్నిటినీ కలిపి 1804లో పనికొచ్చేలా నిలబెట్టినవాడు జోసెఫ్ మరీ జకార్డ్. పేరు ఆయనకే దక్కింది. లియోన్‌లో పుట్టిన ఆ ఇంటిపేరు ఇవాళ ధర్మవరం వీధుల్లో సామాన్య నామం.

జకార్డు పని దగ్గరగా చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మగ్గం పైన నాలుగు పలకల పెట్టె ఒకటి ఉంటుంది. దాని మీదుగా అట్టల గొలుసు తిరుగుతుంది. కాలితో తొక్కిన ప్రతిసారీ పెట్టె పావు వంతు తిరిగి కొత్త అట్టను సూదుల ఎదుటికి తెస్తుంది. అట్టలో చిల్లు ఉన్న చోట సూది దూరిపోతుంది, దాని కొక్కెం, కొక్కేనికి కట్టిన పడుగు పోగులు పైకి లేస్తాయి. చిల్లు లేని చోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, కొక్కెం తప్పుకుంటుంది, పోగు కిందే ఉండిపోతుంది. ఒక అట్టకు ఒక పేక. పొరపాటున తప్పు పేక పడితే దాన్ని ఊడదీసి, పెట్టెను ఒక అట్ట వెనక్కి తిప్పుకుంటే సరి. అంటే ఈ గొలుసులో నమూనా ఉంది, నమూనాలో ఇప్పుడు ఎక్కడున్నామన్న గుర్తూ ఉంది. రెండూ ఒకే వస్తువులో ఉన్నాయి కాబట్టి దాచడం అనే పని విడిగా పుట్టనే లేదు.

ఇంకో ముచ్చట కూడా ఉంది, నేతగాళ్లు దీన్ని గొప్పగా చెప్పుకోరు గానీ చెప్పుకోదగ్గది. ఒక వార్పు అయిపోతుంది, కొత్త వార్పు వస్తుంది. వేల పోగులను ఒక్కొక్కటిగా మళ్లీ అచ్చులోకి ఎక్కించాలంటే రోజులు పడుతుంది, పైగా ఒక్క పోగు వరుస తప్పినా అంచు చెడుతుంది. అందుకని పాత పడుగును పూర్తిగా లాగెయ్యరు. చివర కొంత మేర అచ్చులోనే వదిలేసి కోస్తారు. ఆ పాత కొసలకు కొత్త పోగులను ఒకదాని వెంట ఒకటి మెలిపెట్టి కలుపుతారు. ఇదే అచ్చు అతకడం. దీనికి చేయి తిరిగినవాళ్లు వేరే ఉంటారు. అతకడం అయ్యాక పడుగును మెల్లగా ముందుకు లాగితే కొత్త పోగులన్నీ పాత దారిలోనే తమ తమ స్థానాల్లోకి వచ్చి కూర్చుంటాయి. సరుకంతా మారిపోయింది, సర్దుబాటు మాత్రం అలాగే ఉంది. విండోల స్థానాలను దాచే సాఫ్ట్‌వేర్ కోరుకునేదీ అచ్చంగా ఇదే.

అట్టలు మగ్గం నుంచి లెక్కల యంత్రానికి ఎలా వెళ్లాయో చాలామందికి తెలిసిన కథే. 1839లో లియోన్‌లో జకార్డ్ బొమ్మను పట్టు మీద నేశారు, దానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. ఆ నేత బొమ్మ ఒకటి లండన్‌లో చార్లెస్ బాబేజ్ సంపాదించి ఇంటికొచ్చినవాళ్లకు చూపేవాడు. తాను ఊహించిన అనలిటికల్ ఇంజన్‌కు అట్టలనే వాడాలనుకున్నాడు. ఆ యంత్రం కట్టడం కాలేదు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హాలరిత్ చిల్లుల కార్డులు వాడి చూపించాడు.

ఈ ప్రయాణంలో ఒకటి జారిపోయింది. ఫాల్కన్ అట్టలను గొలుసుగా కుట్టాడు, హాలరిత్ కార్డులు విడివిడి. చేతిలోని కట్ట జారి నేల మీద పడితే వరుస గల్లంతు. అందుకే 80 గడుల ఐబీఎం కార్డులో ఫోర్ట్రాన్ రాసేవాళ్లు చివరి ఎనిమిది గడులను వరుస సంఖ్యకు వదిలేసేవారు. కొందరైతే కట్ట పైఅంచు మీద మార్కరుతో వాలుగా ఒక గీత గీసేవారు, గీత తిన్నగా కలిస్తే వరుస కుదిరినట్టు. యంత్రం మధ్యలో ఆగితే పని మొదటి నుంచి. గంటల తరబడి నడిచే పనులకు ఇది కుదరదు కనుక, 1960లలో ఐబీఎం ఓఎస్/360లో చెక్‌పాయింట్ అనే ఏర్పాటు వచ్చింది: నడుమ నడుమ యంత్రం తన స్థితిని టేపు మీదో డిస్కు మీదో రాసుకుంటుంది, ఆగితే అక్కడి నుంచి ఎత్తుకుంటుంది. మగ్గానికి ఉచితంగా ఉన్న గుణాన్ని కంప్యూటర్‌కు పని గట్టుకుని నేర్పించాల్సి వచ్చింది.

అట్టలు మళ్లీ కంప్యూటర్‌లోకే మాయమవడం కూడా ఇదే కథలో భాగం. 1983లో మిలాన్ యంత్రాల ప్రదర్శనలో బొనాస్ కంపెనీ అట్టలు లేని ఎలక్ట్రానిక్ జకార్డును చూపింది. ఇప్పుడు ధర్మవరంలో కూడా డిజైన్ గీసేది ఎక్కువగా కంప్యూటర్ తెర మీదే. గ్రాఫు కాగితం మీద గడి గడికీ రంగు నింపే పాత కళాకారుల చేతిపని తగ్గిపోయింది.

విండోల కథ వేరే చోట మొదలైంది. కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో 1970లలో అలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ బృందం స్మాల్‌టాక్ అనే వ్యవస్థ తయారు చేసింది. ఒకదాని మీద ఒకటి పరుచుకునే విండోలు అక్కడే రూపు దిద్దుకున్నాయి. విచిత్రం ఏమంటే సెషన్ సమస్యకు అన్నిటికన్నా పూర్తి జవాబు కూడా అక్కడే, మొదట్లోనే ఉంది. స్మాల్‌టాక్‌లో ప్రోగ్రాములు, విండోలు, సగం రాసిన వాక్యాలు అన్నీ ఒకే జ్ఞాపకంలో ఉండేవి. దాచమంటే ఆ మొత్తాన్ని ఒకే ఫైలుగా డిస్కుకు దించేవారు, దాన్ని ఇమేజ్ అనేవారు. మళ్లీ తెరిస్తే కర్సర్ ఉన్న చోటే ఉండేది. మగ్గానికి అత్యంత దగ్గరగా వచ్చిన కంప్యూటర్ అది. తర్వాత లోకం ఆ దారి పట్టలేదు. ప్రోగ్రాములు వేర్వేరు కంపెనీలవి, ఒకదాని జ్ఞాపకం ఇంకోదానికి అందకూడదు. ఆ గోడలు కట్టుకున్నాక మొత్తాన్ని ఒక మూటగా కట్టడం కుదరలేదు.

అదే పరిశోధనశాలలో ఆస్టిన్ హెండర్సన్, స్టూవర్ట్ కార్డ్ 1986లో రూమ్స్ అనే పద్ధతి ప్రచురించారు. తెర చిన్నది, విండోలు ఎక్కువ, మనిషి రోజంతా పక్కకు జరుపుకోవడంతోనే సరిపోతోంది. కాబట్టి పనికొక గది. ఉత్తరాల గదిలో ఉత్తరాల విండోలు, లెక్కల గదిలో లెక్కల విండోలు, గది మారగానే ఆ గది సర్దుబాటు యథాతథంగా ఎదుటికొస్తుంది. నేటి వర్చువల్ డెస్క్‌టాప్‌లన్నీ ఆ గదుల వారసులే.

సొంత కంప్యూటర్లలో మెకింతోష్ 1984 నుంచే ఒక మంచి అలవాటు చేసుకుంది. ఫోల్డర్ విండోను ఎక్కడ వదిలితే మళ్లీ అక్కడే తెరుచుకునేది. అయితే అది ఫోల్డర్ల వరకే. మన ఊళ్లలో కంప్యూటర్ కోర్సులు మొదలైన రోజుల్లో విండోస్ 3.1 నేర్చుకున్నవాళ్లకు ప్రోగ్రామ్ మేనేజర్ ఆప్షన్స్‌లో ‘సేవ్ సెట్టింగ్స్ ఆన్ ఎగ్జిట్’ అనే వరుస గుర్తుండే ఉంటుంది. దానికి టిక్కు పెడితే మూసేటప్పుడు ఉన్న సర్దుబాటు దాచేది. ఎవరో గందరగోళంగా వదిలేసి మూస్తే ఆ గందరగోళాన్నీ అంతే శ్రద్ధగా దాచేది. అందుకే చాలామంది ఒకసారి బాగా సర్దుకుని, దాచి, ఆ టిక్కు తీసేసేవారు. ఇది చిన్న సంగతి కాదు. ఆగిన చోటును దాచాలా, బాగున్న చోటును దాచాలా అన్న ప్రశ్న ఇక్కడే తలెత్తింది.

యునిక్స్ వర్క్‌స్టేషన్ల కోసం 1993లో ప్రకటించిన కామన్ డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ ఈ ప్రశ్నను నేరుగా పట్టుకుంది. నిన్న వదిలిన సెషన్ కావాలా, మీరు స్థిరంగా ఏర్పరచుకున్న హోమ్ సెషన్ కావాలా అని ఎంచుకోనిచ్చింది. ఇంత తెలివైన ఏర్పాటు తర్వాతి తరం డెస్క్‌టాప్‌లలో చాలావాటికి లేదు.

యునిక్స్ లోకంలో విండోల భారం మోసింది ఎక్స్. ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ 1984లో మొదలుపెట్టారు. 1987లో వచ్చిన ఎక్స్11 దశాబ్దాలు నడిచింది. ఎక్స్ వాళ్ల పట్టుదల ఒకటే: తాము పనిముట్టు ఇస్తారు, పద్ధతి చెప్పరు. తెర మీద గీసేది ఒకరు, విండోను కదిపేది విండో మేనేజర్ అనే మరో ప్రోగ్రాము, లోపల ఏముందో తెలిసింది అసలు ప్రోగ్రాముకు. ముగ్గురిలో ఎవరికీ మొత్తం కథ తెలియదు. మొదట్లో వాడేవాడే ఒక ఫైలులో చేత్తో రాసుకునేవాడు: ఫలానా టెర్మినల్, 80 అక్షరాల వెడల్పు, 24 వరుసల ఎత్తు, ఎడమ అంచు నుంచి ఇన్ని చుక్కలు, పై అంచు నుంచి ఇన్ని చుక్కలు. లెక్క తప్పితే విండో తెర బయటికి పోయేది.

1994లో ఎక్స్11 ఆరో విడుదలతో పాటు సెషన్ నిర్వహణకు ఒక ఒప్పందపత్రం లాంటి ప్రోటోకాల్ వచ్చింది. దాని తీరు చూస్తే పెళ్లిపెద్ద చేసే పనిలా ఉంటుంది. సెషన్ మేనేజర్ ఒక్కో ప్రోగ్రామును పిలిచి నీ స్థితి దాచుకో అంటుంది. ప్రోగ్రాము తన సంగతి దాచుకుని, రేపు నన్ను లేపాలంటే ఈ ఆదేశం ఇవ్వు అని ఒక మాట చెప్పి పెడుతుంది. దాచని ఉత్తరం ఉంటే యజమానిని అడగడానికి అనుమతి కోరుతుంది. అనుమతి ఒక్కసారి ఒక్కరికే, లేకపోతే పది ప్రోగ్రాములు ఒకేసారి మీద పడతాయి. యజమాని వద్దంటే మూసే కార్యక్రమమే ఆగిపోతుంది. విండో ఎక్కడుందన్నది మాత్రం విండో మేనేజర్ రాసుకుని, మర్నాడు అదే గుర్తింపు సంఖ్యతో వచ్చిన విండోను పాత చోట కూర్చోబెడుతుంది.

కాగితం మీద లోటు లేదు. ఆచరణలో ప్రతి ప్రోగ్రాము రచయితా తన వంతు చేయాలి, చాలామంది చేయలేదు. 1996లో మొదలైన కేడీఈ శ్రద్ధగా చేసింది. దాని సొంత ప్రోగ్రాములు బుద్ధిగా తిరిగొచ్చేవి, పరాయివి వచ్చేవి కావు. గ్నోమ్‌లోనూ ఆ వసతి ఉండేది. 2008 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 2.24లో సెషన్ మేనేజర్‌ను కొత్తగా రాశారు. ఆ తిరగరాతలో పాత సెషన్‌ను దాచే వసతి జారిపోయింది. వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. ఎంత తక్కువమంది వాడినా, వాడేవాళ్లకు అది ప్రాణమని తయారీదార్లు ఇలాంటప్పుడే తెలుసుకుంటారు.

ఈలోగా మరో దారి వచ్చింది. ఎవరినీ అడగకుండా, ఉన్న జ్ఞాపకమంతా డిస్కులోకి దింపి యంత్రాన్ని ఆపేయడం. 1996 చివరలో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ప్రకటించిన ఏసీపీఐ ప్రమాణంలో నిద్రావస్థలకు అంచెలు పెట్టారు; విండోస్ 2000తో హైబర్నేట్ అన్న మాట సామాన్యులకు తెలిసింది. దాదాపు స్మాల్‌టాక్ పద్ధతే, కాకపోతే మొరటుగా. కరెంటు కోతల కాలంలో తెలుగు ఊళ్లలోని డీటీపీ సెంటర్లకు ఇది వరమే. పేజ్‌మేకర్‌లో పెళ్లిపత్రిక సగంలో ఉంటుంది, అను ఫాంటులో అక్షరాలు దిద్దుతుంటారు, యూపీఎస్ కీచుమంటుంది. ఉన్న కొద్ది నిమిషాల్లో హైబర్నేట్ నొక్కితే కరెంటు వచ్చాక పెళ్లికూతురి పేరు మీదే కర్సర్ మెరుస్తుంది. 2012లో విండోస్ 8 ఇందులోనూ ఒక తిరకాసు పెట్టింది. త్వరగా తెరుచుకోవాలని యంత్రం తన లోపలి స్థితిని మాత్రం దాచుకుంటుంది, మనిషి తెరిచిన విండోలను మూసేస్తుంది. ఎవరి సౌకర్యం ఎవరికి ముఖ్యమో ఇంతకన్నా బాగా చెప్పలేం.

బ్రౌజర్లు తమ గొడవ తామే చూసుకున్నాయి. 2006లో ఫైర్‌ఫాక్స్ 2 హఠాత్తుగా ఆగిపోయినా పాత ట్యాబులను తిరిగి తెచ్చేది. 2011లో మ్యాక్ ఓఎస్ టెన్ లయన్ రెజ్యూమ్ పేరుతో అన్ని ప్రోగ్రాములకూ ఆ అలవాటు అంటగట్టింది. మెచ్చుకున్నవాళ్లు ఎందరో, నిన్న రాత్రి చూసినది పొద్దున అందరి ముందు తెరుచుకుని తల పట్టుకున్నవాళ్లూ అందరు.

ఇప్పటి చిక్కు వేరు. హిందూపురం, పెనుకొండ వైపు నుంచి బెంగళూరులో ఉద్యోగాలు చేసేవాళ్ల ల్యాప్‌టాప్‌కు ఆఫీసులో పెద్ద తెర, ఇంట్లో చిన్న తెర. తీగ పీకగానే పెద్ద తెర మీది విండోలన్నీ చిన్న తెర మీద కుప్పపడేవి, మళ్లీ తగిలించినా వెనక్కి పోయేవి కావు. ఏ తెరకు ఏ సర్దుబాటో గుర్తుంచుకునే వసతి 2021లో విండోస్ 11తో వచ్చింది. లినక్స్ వైపు 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్ మెల్లమెల్లగా ఎక్స్ స్థానం తీసుకుంటోంది. అందులో భద్రత కోసం ఒక కట్టుబాటు ఉంది: తెర మీద తాను ఎక్కడున్నదీ ప్రోగ్రాముకు చెప్పరు, ఫలానా చోట కూర్చుంటానని అడగనివ్వరు. ఎక్స్ కాలంలో విండోలను లాగి సర్దిపెట్టే చిన్నచిన్న పనిముట్లు రాసుకున్నవాళ్లకు అక్కడ అవి పనిచేయవు. ప్రోగ్రాముకు చోటు చెప్పకుండానే పాత చోట కూర్చోబెట్టేలా కొత్త ప్రోటోకాల్ రాయడం మీద వాదోపవాదాలు ఏళ్ల తరబడి సాగాయి. గుర్తు ఎవరి దగ్గర ఉండాలి, పాత విండో వచ్చిందని ఎలా పోల్చుకోవాలి, ఒకే ప్రోగ్రాముకు రెండు విండోలుంటే ఏది ఏదన్నది ఎవరు చెప్పాలి అన్నవే 1994 నాటి నుంచీ నలుగుతున్న ప్రశ్నలు.